తొవ్వ యాది: ఇంట్లో మతిమరుపు చరిత్ర ఉన్నవాళ్లు సొంతంగా రాసి పెట్టుకోవలసిన లెక్క

పేర్లు మరిచిపోతే ఇంటిల్లిపాదికీ తెలుస్తుంది. తొవ్వ మరిచిపోతే చాన్నాళ్ల దాకా ఎవరికీ తెలియదు. అరవై దాటిన మనిషి వారం మొత్తంలో తిరిగే తొవ్వలు నాలుగైదే ఉంటాయి. బాయికాడికి, కిరాణం దుకాణానికి, గుడికో మసీదుకో, మందుల షాపుకు. అవి కాళ్లకు అలవాటైపోయి ఉంటాయి, తలకు పని పడదు. రోడ్డు మీద కల్వర్టు తవ్వి పక్క గల్లీలోంచి పొమ్మన్న రోజు గానీ అసలు సంగతి బయటపడదు.

ఆస్పత్రిలో అడిగే మామూలు ప్రశ్నలకు కూడా ఇది చిక్కదు. ఈరోజు ఏ వారం, మూడు మాటలు చెప్తా యాదికి పెట్టుకో, వందలోంచి ఏడు తీసెయ్ అనేవి మాటల యాదిని, లెక్కల శక్తిని చూస్తాయి. స్థలం యాది వేరే చోట ఉంటుంది. కణతల లోపల, మెదడు అడుగున హిప్పోక్యాంపస్, దాని పక్కనే ఎంటోరైనల్ కార్టెక్స్ ఉంటాయి. మనం ఉన్న చోటును బట్టి మేలుకునే కణాలను హిప్పోక్యాంపస్‌లో 1971లో జాన్ ఓకీఫ్ చూపించాడు. ఎంటోరైనల్‌లో ఉన్న గ్రిడ్ కణాలను 2005లో మే-బ్రిట్ మోసర్, ఎడ్వర్డ్ మోసర్ల బృందం బయటపెట్టింది. ముగ్గురికీ కలిపి 2014లో నోబెల్ వచ్చింది. గ్రిడ్ కణం పనితీరు వాకిట్లో ముగ్గు వేసేవాళ్లకు చెప్పనక్కర్లేదు. నేలంతా సందు చుక్కలు పెట్టినట్టు ఒక అదృశ్యమైన చుక్కల వరస ఉంటుంది, మనిషి ఒక్కో చుక్క మీదికి వచ్చినప్పుడల్లా ఆ కణం మోగుతుంది. ఎన్ని అడుగులు వేశాం, ఎటు తిరిగాం అనే లెక్క అక్కడ నడుస్తుంది. అల్జీమర్స్‌లో టౌ అనే ప్రోటీన్ ముద్దలు ముందుగా పేరుకునే చోటు కూడా ఈ ఎంటోరైనల్ ప్రాంతమే.

అందుకే అమ్మకో నాయినకో ముసలితనంలో మతి తప్పిన ఇళ్లలో, యాభై దాటినవాళ్లు ఇప్పుడే ఒక నోటుబుక్కు తెరవడం మంచిది. జీన్ పరీక్ష సంగతి తర్వాత చూద్దాం. నోటుబుక్కు ముందు. కూర్చుని చేసేవి రెండు, నడిచి చేసేవి రెండు, మొత్తం నాలుగు ఇంటి పరీక్షల అంకెలు అందులో రాసి పెట్టుకోవాలి.

పరీక్షకు ముందు తీసేయాల్సిన అడ్డంకులు

మతిమరుపులా కనిపించి మతిమరుపు కానివి మన వైపు చాలా ఉన్నాయి. వీటిని చూసుకోకుండా పరీక్ష పెడితే వచ్చే అంకెలకు అర్థం ఉండదు.

రక్తంలో విటమిన్ బీ12, థైరాయిడ్‌కు టీఎస్‌హెచ్, షుగర్, హిమోగ్లోబిన్ చూపించుకోండి. బీ12 తక్కువైతే మెదడు మందగిస్తుంది, పాదాలకు స్పర్శ కూడా తగ్గుతుంది. పాదాల స్పర్శ పోయిన మనిషికి ఎన్ని అడుగులు వేశాడో ఒళ్లు సరిగా చెప్పదు. కంట్లో శుక్లాలుంటే తీయించుకున్నాకే పరీక్ష. చెవి వినపడకపోతే మిషన్ పెట్టుకునే పరీక్ష.

మందుల డబ్బా మొత్తం కింద పోసి చూడండి. నిద్రమాత్రలు, దురదకూ జలుబుకూ వాడే పాతరకం మాత్రలైన ఫెనిరమిన్, క్లోర్‌ఫెనిరమిన్ లాంటివి పెద్దవాళ్ల తలను మొద్దుబారుస్తాయి. ఇక కల్లు. చెట్టు కల్లయితే ఆ పూట మత్తే. ఆల్ప్రజోలం, డైజిపామ్, క్లోరల్ హైడ్రేట్ కలిపిన మందు కల్లు రోజూ తాగే మనిషికి యాది పోవడం ఆ మందు పనే. దాన్ని ఇంట్లోవాళ్లు ఒక్కసారిగా బంద్ చేయించకూడదు. ఫిట్స్ వస్తాయి, పిచ్చిపట్టినట్టు మాట్లాడతారు. డాక్టరు చేతి మీదుగా కొంచెం కొంచెంగా తగ్గించాలి, ఆ తర్వాత కొన్ని వారాలు ఆగి పరీక్ష పెట్టుకోవాలి.

నల్లగొండ జిల్లా మర్రిగూడ, నాంపల్లి వైపు ఫ్లోరోసిస్‌తో నడుము వంగి మెడ బిగిసినవాళ్ల విషయంలో ఇంకో జాగ్రత్త ఉంది. మెడ తిప్పలేని మనిషికి తొవ్వ పక్కన గుర్తులు కనిపించవు, నేల ఒక్కటే కనిపిస్తుంది. ఆయన తొవ్వ తప్పితే అది కళ్లకు అందకపోవడమా, యాదికి అందకపోవడమా అన్నది తేల్చడం కష్టం. వీళ్లకు నడక పరీక్షలు వద్దు. కూర్చుని చేసే రెండూ చాలు.

కూర్చుని చేసేవి

మొదటిది దిక్కు చూపడం. కిటికీలు మూసిన గదిలో నేల మీద సుద్దతో ఒక గుండ్రం గీసి, గడియారంలా పన్నెండు గీతలు పెట్టండి. పన్నెండు అంకె ఉత్తరం దిక్కుకు రావాలి. ఉత్తరం కోసం ఫోన్‌లో దిక్సూచి వాడొచ్చు, కానీ ఇనుప మంచం, బీరువా, బైకు పక్కన పెడితే ముల్లు తప్పు చూపిస్తుంది. దూరంగా జరిపి, ఫోన్‌ను గాలిలో ఎనిమిది అంకెలా నాలుగైదు సార్లు తిప్పి మళ్లీ చూడండి. మనిషి గుండ్రం నడుమ పీట మీద కూర్చుంటాడు. ఎనిమిది చోట్లు అడగాలి, నాలుగు దగ్గరివి, నాలుగు దూరానివి. నల్లగొండలో అయితే గడియారం సెంటర్, రైల్వే స్టేషన్, పానగల్లు, లతీఫ్ సాబ్ గుట్ట దగ్గరివి. మిర్యాలగూడ, దేవరకొండ, సూర్యాపేట, హైదరాబాద్ దూరానివి.

"నాయినా, ఈడ కూసోనే చెప్పు, దేవరకొండ ఎటు దిక్కుంటది? చెయ్యి చాపి చూపియ్యి."

చెయ్యి ఏ అంకె మీదుగా పోతే అది రాసుకోండి. అసలు దిక్కు ఫోన్ మ్యాపులో ఇంటి నుంచి ఆ ఊరికి తిన్నగా గీత గీస్తే తెలుస్తుంది. రెంటికీ మధ్య ఎన్ని అంకెల తేడా ఉందో దగ్గరి వైపు నుంచి లెక్కపెట్టాలి, కాబట్టి తేడా ఎప్పుడూ ఆరు దాటదు. ఎనిమిదింటి సగటు తీయండి. కళ్లు మూసుకుని ఇష్టం వచ్చినట్టు చూపించినా సగటు మూడు దగ్గర వస్తుంది. అంటే మూడుకు చేరితే దిక్కు తెలియదన్నట్టే. ఒకటికి అటూ ఇటూ ఉంటే దిక్కు బాగానే తెలిసినట్టు.

ఇందులో ఒక తప్పు మాత్రం ప్రత్యేకంగా రాసుకోండి. పాలమూరు పట్నంలో కూర్చున్న మనిషిని హైదరాబాద్ ఎటు అని అడిగితే చాలామంది జడ్చర్ల వైపు, అంటే దాదాపు తూర్పుకు చూపిస్తారు. బస్సు అటే పోతుంది కదా. నిజానికి హైదరాబాద్ ఈశాన్యంలో, గడియారం మీద ఒకటి దగ్గర ఉంటుంది; జడ్చర్ల రెండుకూ మూడుకూ నడుమ. బస్సు పోయే వైపు చూపించిన మనిషి తొవ్వను దండలా, ఒక పూస తర్వాత ఒక పూసగా దాచుకున్నాడు. తిన్నగా చూపించిన మనిషి తలలో పటం ఉంది. దండగా దాచుకోవడం జబ్బేమీ కాదు, చదువుకున్నవాళ్లలోనూ సగం మంది అంతే అనిపిస్తుంది. కానీ ఇన్నేళ్లూ తిన్నగా చూపించిన మనిషి ఈసారి బస్సు వైపు చూపిస్తే, ఆ మార్పు నోటుబుక్కులోకి ఎక్కాలి.

రెండోది సామాన్ల పరీక్ష. బండల మీద సుద్దతో నాలుగు అడ్డం, నాలుగు నిలువు, మొత్తం పదహారు గళ్లు గీయండి, ఒక్కో గడి జానెడు. ఎనిమిది వస్తువులు ఒక్కో గడిలో పెట్టండి: తాళంచెవి, అగ్గిపెట్టె, దువ్వెన, గంటె, సబ్బుబిళ్ల, టార్చిలైటు, గ్లాసు, వక్కల డబ్బా. ఒక నిమిషం చూడనిచ్చి, దేన్ని ఎక్కడ పెట్టారో మీరు కాగితం మీద గుర్తు పెట్టుకుని, అన్నీ తీసేయండి. ఇరవై నిమిషాలు వేరే ముచ్చట్లు పెట్టండి. తర్వాత మనిషిని ఎదురు వైపు కూర్చోబెట్టి వస్తువులు చేతికిచ్చి, ఎక్కడివక్కడ పెట్టమనండి.

ఎదురు వైపు కూర్చోబెట్టడంలోనే ఈ పరీక్ష ప్రాణం ఉంది. అటే కూర్చుంటే కంటికి కనిపించిన బొమ్మను తిరిగి పెట్టడమే అవుతుంది. ఇటు వచ్చాక ఇంతకుముందు తన ఎడమచేతి దగ్గర ఉన్న తాళంచెవి ఇప్పుడు దూరపు కుడిమూలకు చేరాలి. ఆ తిప్పుడు తలలో జరగాలి. కొందరు అన్నిటినీ చక్కగా పెడతారు గానీ తిరగేసి, పాత కూర్చునే చోటి నుంచి చూసినట్టే పెడతారు. వాళ్లకు వస్తువులు యాదిలో ఉన్నాయి, స్థలం తిరగలేదు. దీన్ని "తిరగేసింది" అని విడిగా రాయండి, మామూలు తప్పుల్లో కలపొద్దు. మిగతా వాటికి ఒక్కో వస్తువు అసలు గడికి ఎన్ని గళ్ల దూరంలో పడిందో అడ్డంగా, నిలువుగా లెక్కపెట్టి కూడండి. మళ్లీసారి అవే వస్తువులు వాడొచ్చు, గళ్లు మాత్రం మార్చాలి.

నడిచి చేసేవి

మూడోది మూడు మూలల నడక. చిన్నదే కానీ సరిగా చేయడం కష్టం. చూసేది ఒళ్లు పెట్టుకున్న అడుగుల లెక్క. చదునైన చోటు కావాలి, రాళ్లు, గుంతలు ఉండొద్దు. బడి వరండా గానీ సిమెంటు కల్లం గానీ బాగుంటుంది. ఇద్దరు సహాయం ఉండాలి. మనిషి కళ్లు మూసుకుంటాడు, ఒకరు మోచేయి పట్టుకుని తీసుకుపోతారు. మొదలుపెట్టిన చోట సుద్ద గుర్తు. నాలుగు మీటర్లు తిన్నగా, ఆగి ఎడమకు 90 డిగ్రీలు తిరిగి, మూడు మీటర్లు. అక్కడ ఆపి, "మొదలువెట్టిన కాడికి తిన్నగ తీస్కపో" అనండి. ఇప్పుడు తొవ్వ ఆయనది, పట్టుకున్నవాళ్లు పడకుండా మాత్రమే చూడాలి, లాగొద్దు. ఆయన "ఇదే" అని ఆగిన చోట గుర్తు పెట్టి, అసలు గుర్తుకు ఎంత దూరముందో టేపుతో కొలవండి. సరైన జవాబు ఎడమకు దాదాపు 127 డిగ్రీలు తిరిగి అయిదు మీటర్లు నడవడం. మూడుసార్లు ఎడమకు, మూడుసార్లు కుడికి తిప్పి, ఆరింటి సగటు తీయండి.

ఇది తప్పుదోవ పట్టేది చిన్న చిన్న వాటి వల్ల. మొహం మీద ఎండ పడితే కళ్లు మూసుకున్నా దిక్కు తెలిసిపోతుంది. పక్క పొలంలో బోరు మోటారు మోగుతుంటే అదీ గుర్తే. నేల ఒక వైపు వాలుంటే పాదాలకు అందుతుంది. చెప్పులు తీసేస్తే బండల అతుకులు కూడా లెక్క చెప్తాయి. అందుకని నీడలో, నిశ్శబ్దంగా, చెప్పులతో చేయాలి. మోకాళ్ల నొప్పి, తల తిరుగుడు, కింద పడిన చరిత్ర ఉంటే అసలు చేయొద్దు.

ఇంత తిప్పలు ఎందుకంటే, జీన్‌తో ముడిపడిన తేడా ఇక్కడే కనిపించింది. ఏపీఓఈ అనే జీన్‌లో అల్జీమర్స్ ముప్పు పెంచే రకం పేరు ఈ4. ఈ4 రకం ఉన్న ఆరోగ్యవంతులకు చుట్టూ గుర్తులున్నప్పుడు తొవ్వ బాగానే దొరికిందని, గుర్తులన్నీ తీసేసి అడుగుల లెక్క మీదే నడవమంటే తప్పులు పెరిగాయని 2020లో జర్మనీ పరిశోధకులు చూపించారు. అంతకుముందు 2015లో పడుచువయసు వాళ్లలోనే, ఈ4 ఉన్నవాళ్ల గ్రిడ్ కణాల సంకేతం బలహీనంగా ఉన్నట్టు స్కానింగులో తేలింది. 2016లో వచ్చిన సీ హీరో క్వెస్ట్ అనే ఫోన్ ఆటను 40 లక్షల మందికి పైగా ఆడారు. ఆ ఆటతోనే 2019లో చూస్తే, ఈ4 ఉన్నవాళ్లు గమ్యానికి పొడుగు తొవ్వన పోతున్నారు, నడిమిలోంచి కాకుండా అంచుల వెంబడి తిరుగుతున్నారు. వాళ్లలో ఎవరికీ మతిమరుపు లేదు, మామూలు జ్ఞాపకశక్తి పరీక్షల్లో తేడా కనిపించలేదు. ఈ అంచు సంగతి విని ఇంట్లో పెద్దాయన గోడ వెంబడి నడుస్తున్నాడని బెంగపడొద్దు. మన ఊళ్లలో గోడ పక్కన నీడ ఉంటుంది, నడిమిలో కుక్కలుంటాయి.

నాలుగోది కొత్త తొవ్వ. ఇది అన్నిటికంటే నిజజీవితానికి దగ్గర, రోజువారీ ఇబ్బంది ముందు దీంట్లోనే బయటపడుతుంది. మనిషి ఎప్పుడూ పోని కాలనీ ఎంచుకోండి. ఆరు మలుపులు, ఆరేడు వందల మీటర్లు చాలు. పొద్దున ఎండ ముదరకముందే ఒకసారి మీరు ముందు నడిచి చూపించండి. మలుపు దగ్గర "ఈడ ఎడమకు" అని చెప్పొద్దు, ఊరికే తిరగండి. ఒక చోట కూర్చుని చాయ్ తాగి, అర్ధగంట గడిచాక ఆయన్ను ముందు నడవమనండి. తప్పు మలుపు తిరిగితే పది అడుగుల దాకా పోనిచ్చి, తనంతట తాను తెలుసుకుంటాడేమో చూసి, లేకపోతే వెనక్కి పిలవండి. రాసుకోవలసినవి: తప్పు మలుపులెన్ని, తనే సర్దుకున్నవెన్ని, ఆగి ఆలోచించినవెన్ని. గమ్యం చేరాక తిరుగు తొవ్వ కూడా ఆయనే చూపాలి. నడుమ ఒక చోట "ఈ గల్లీ బంద్ ఉందనుకో, ఇంకెటు పోదాం?" అని అడగండి.

తిరుగు తొవ్వ, బంద్ గల్లీ ఈ రెండే అసలు పరీక్ష. పోయేటప్పుడు కుడికి తిరిగినది వచ్చేటప్పుడు ఎడమవుతుంది, దుకాణం బోర్డు వెనక నుంచి కనిపిస్తుంది. పటం ఉన్న తలకు ఇది తికమక కాదు. ఆర్నెల్ల తర్వాత మళ్లీ చేసేటప్పుడు అదే గల్లీలు వాడితే పాత యాదితో నెగ్గుకొస్తారు, కాబట్టి వేరే చోటు కావాలి, కానీ మలుపులు అన్నే, గల్లీల తీరు అదే ఉండాలి. మొదటిసారి పాత బస్తీ వంకర సందులు, రెండోసారి గీత గీసినట్టున్న ప్లాట్ల కాలనీ పెడితే రెంటినీ పోల్చలేం.

నోటుబుక్కు ఎట్లా చదవాలి

మొదటి నెలలో రెండుసార్లు అన్నీ చేయండి, వారం ఎడంతో. మొదటిసారిది నేర్చుకోవడం కిందికి పోతుంది, రెండోదాన్ని మొదలు అంకెగా పెట్టుకోండి. తర్వాత ఆర్నెల్లకోసారి, పొద్దున అదే వేళకు, కడుపు నిండా తిన్న వెంటనే కాకుండా, రాత్రి సరిగా నిద్రపోయిన రోజున. పక్కింటాయన అంకెలతో పోల్చొద్దు. జీవితమంతా బొంబాయి, పూణె పనులకు పోయి చదువు రాకుండానే మహానగరాల్లో తిరిగొచ్చిన పాలమూరు మనిషి అంకెలకూ, ముప్పై ఏళ్లు ఒకే ఆఫీసు కుర్చీలో కూర్చున్న మనిషి అంకెలకూ పోలికే లేదు. పోలిక నిన్నటి తనతోనే.

వయసుతో మామూలుగా తగ్గేవి కొన్ని ఉంటాయి. కొత్త గల్లీ ఒంటబట్టడానికి ఒకటికి రెండుసార్లు పోవాల్సి రావడం, కళ్లు మూసుకున్న నడకలో తప్పు కొద్దిగా పెరగడం అందరికీ జరిగేవే. వరసగా రెండుసార్లు, అంటే ఏడాది పాటు, ఒకటి కంటే ఎక్కువ పరీక్షల్లో అంకె దిగజారుతుంటే న్యూరాలజీ డాక్టరుకు నోటుబుక్కు తీసుకుపోయి చూపించండి. ఏళ్లుగా తిరిగిన తొవ్వలో ఒక్కసారి తప్పినా, తప్పానని తెలుసుకోకుండా నడుస్తూ పోయినా ఆర్నెల్లు ఆగొద్దు. పరీక్షలు తెలుగులోనే జరగాలని అడగండి. భారత వైద్య పరిశోధన మండలి తయారుచేసిన న్యూరో కాగ్నిటివ్ టూల్‌బాక్స్ తెలుగులో కూడా ఉంది.

రెండు చోట్ల మోసపోతారు. ఊళ్లో ఉండే అవ్వను హైదరాబాద్‌లో కొడుకు ఫ్లాటుకు తెచ్చి, లిఫ్టు దిగాక ఇల్లు పోల్చుకోలేదని భయపడటం ఒకటి. అయిదు అంతస్తులూ ఒక్క తీరుగా ఉంటే ఎవరైనా తికమకపడతారు. ఆమెను ఆమె ఊళ్లో పరీక్షించాలి. రెండోది, రోడ్డు వెడల్పు చేసి మర్రిచెట్టు కొట్టేశాక పెద్దమనిషి మలుపు దాటిపోవడం. గుర్తు పోయింది గానీ ఆయన యాది పోలేదు. నెల తర్వాత కూడా దాటిపోతుంటే అప్పుడు ఆలోచించాలి.

ఇక జీన్ సంగతి

ఏపీఓఈ జీన్ పంతొమ్మిదో క్రోమోజోము మీద ఉంటుంది. అది చేయించే ప్రోటీన్ మెదడులో కొవ్వును, కొలెస్ట్రాల్‌ను మోస్తుంది. ఈ2, ఈ3, ఈ4 అని మూడు రకాలు. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, ప్రతి మనిషిలో ఈ జీన్ ప్రతులు రెండుంటాయి. 299 అమైనో ఆమ్లాల గొలుసులో 112వ చోట, 158వ చోట ఉన్న తేడాతోనే ఇవి వేరయ్యాయి. ఎక్కువమందిలో ఉండేది ఈ3. ఈ4 ఉంటే అమిలాయిడ్ అనే చెత్త మెదడు నుంచి సరిగా ఊడ్చుకుపోదు. ముసలితనంలో వచ్చే అల్జీమర్స్‌తో దీని బంధాన్ని 1993లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయం బృందం బయటపెట్టింది. యూరప్, అమెరికా లెక్కల్లో ఒక ఈ4 ఉంటే ముప్పు సుమారు మూడింతలు, రెండుంటే ఎనిమిది నుంచి పన్నెండింతలు. ఈ2 ఉంటే తగ్గుతుంది. ఈ4 ఉండీ తొంభై ఏళ్లు తెలివితో బతికినవాళ్లూ, ఈ4 లేకుండా జబ్బు వచ్చినవాళ్లూ బోలెడుమంది.

మన దేశంలో ఈ4 కొంత తక్కువే. హర్యానాలోని బల్లభ్‌గఢ్ పల్లెల్లో చూసిన లెక్కలో జీన్ ప్రతుల్లో నూటికి 7, అదే అధ్యయనంలో అమెరికాలోని పెన్సిల్వేనియా వాళ్లకు నూటికి 11. మన వైపు మేనరికాలు కలిపి చూడాలి. నూటికి 7 అనుకుని గుణిస్తే, బయటి సంబంధం చేసుకున్నవాళ్ల పిల్లల్లో రెండు ఈ4లు వచ్చేవాళ్లు వెయ్యికి 5గురు. మేనత్త కొడుకును, మేనమామ కొడుకును చేసుకుంటే వెయ్యికి 9. అక్క బిడ్డను చేసుకుంటే వెయ్యికి 13. రెండింతలు దాటింది కదా అనిపిస్తుంది, కానీ వెయ్యిలో 987 మందికి రెండు లేవన్నది కూడా అదే లెక్క.

పరీక్ష చేయించుకోవాలా? ఒంట్లో ఏ ఇబ్బందీ లేని మనిషికి అక్కర్లేదన్నదే వైద్యుల సాధారణ సలహా, ఇక్కడ రాస్తున్నదీ అదే. రిపోర్టు వచ్చినా చేయాల్సిన పనులు మారవు. పైగా ఒకరి రిపోర్టు ఇంటిల్లిపాదిదీ అవుతుంది. తండ్రికి ఈ4 రెండుంటే ప్రతి బిడ్డకూ ఒకటి ఖాయం. ఒకటుంటే సగానికి సగం అవకాశం. పెళ్లి సంబంధాల టైములో అది బయటికి పొక్కితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. పరీక్ష పనికొచ్చే సందర్భాలు రెండు. అల్జీమర్స్ మొదటి దశలో ఉన్నవాళ్లకు లెకానెమాబ్ లాంటి యాంటీబాడీ ఇంజెక్షన్లు అనుకుంటున్నప్పుడు ఒకటి. ఈ4 రెండున్నవాళ్లకు ఆ మందుతో మెదడు వాపు, రక్తస్రావం ఎక్కువ. రెండోది, ఇంట్లో తరతరానికీ అరవైలోపే మతి తప్పుతుంటే. అప్పుడు వెతకాల్సింది ఏపీఓఈ కాదు. ఏపీపీ, పీఎస్‌ఈఎన్1, పీఎస్‌ఈఎన్2 అనే అరుదైన జీన్లు. వాటిలో జబ్బు తెచ్చే మార్పు ఒక్కటి ఉన్నా మతి తప్పడం దాదాపు ఖాయం కాబట్టి, హైదరాబాద్ నిమ్స్‌లోని మెడికల్ జెనెటిక్స్ విభాగం లాంటి చోట కౌన్సెలింగ్ తీసుకున్నాకే రక్తం ఇవ్వాలి.

చేయించుకునేవాళ్లకు పని తేలికే. పరగడుపు అక్కర్లేదు, ఊదా మూత ఈడీటీఏ ట్యూబులో రెండు మిల్లీలీటర్ల రక్తం చాలు. ఉమ్మి కిట్టు అయితే అర్ధగంట ముందు నుంచి చాయ్, పాన్, గుట్కా, తంబాకు ఏవీ నోట్లో పెట్టొద్దు. గీత దాకా ఉమ్మి నిండాలి, నురగ లెక్కలోకి రాదు.

రిపోర్టులో ఈ3/ఈ4 అని తిన్నగా రాసి ఉంటే సరే. కొన్ని ల్యాబులు జీన్ అక్షరాలున్న ముడి ఫైల్ మాత్రమే ఇస్తాయి. అందులో ఆర్ఎస్429358, ఆర్ఎస్7412 అనే రెండు వరసలు చూడాలి. ఒకే ప్రతిలో రెండు చోట్లా సీ ఉంటే అది ఈ4. మొదటిదాంట్లో టీ, రెండోదాంట్లో సీ ఉంటే ఈ3. రెండూ టీ అయితే ఈ2. రెండు వరసల్లోనూ సీటీ అని ఉంటే ఈ2/ఈ4గా చదువుతారు. చిప్పు మీద చేసే చవక పరీక్షల్లో ఈ రెండు చోట్లూ తప్పు చదివే వీలుంది, అందుకని ఆ ఫైల్ చూసి ఏ నిర్ణయమూ తీసుకోకుండా ఇంకో ల్యాబులో పీసీఆర్ పద్ధతిలో సరిచూసుకోండి.

ఈ4 ఉన్నా లేకున్నా చేయాల్సినవి

నడక. అమెరికాలో 120 మంది పెద్దవాళ్లతో చేసిన, 2011లో వచ్చిన అధ్యయనంలో వారానికి మూడు రోజులు, నలభై నిమిషాల చొప్పున ఏడాది నడిచినవాళ్ల హిప్పోక్యాంపస్ రెండు శాతం పెరిగింది. ఊరికే ఒళ్లు సాగదీసే కసరత్తులు చేసినవాళ్లది తగ్గింది. నలభై నిమిషాల నడకలోనే తొవ్వ సాధన కలపండి. వారానికి ఒకరోజు కొత్త గల్లీలోంచి పోవాలి, పోయిన తొవ్వన కాకుండా వేరే తొవ్వన రావాలి. ఫోన్ మ్యాపు ఇంట్లోనే ఒకసారి చూసుకుని జేబులో పెట్టుకోండి. అది మాట్లాడుతుంటే మీ తల పని చేయదు. మ్యాపును ఉత్తరం పైకి ఉండేట్టు పెట్టి చూడటం అలవాటు చేసుకోండి, మన పెద్దలు చేలగట్ల హద్దులు తూర్పు పడమర చెప్పుకున్నది ఇదే. ఇంటికొచ్చాక వెళ్లిన తొవ్వను కాగితం మీద గీస్తే మరీ మంచిది.

బీపీ, షుగర్, చెడు కొలెస్ట్రాల్, పొగ, చెవుడు, చూపు, ఒంటరితనం: మార్చుకోగల 14 ముప్పులను సరిదిద్దితే ప్రపంచంలో మతిమరుపు జబ్బుల్లో సుమారు 45 శాతం తప్పించడమో వాయిదా వేయడమో చేయొచ్చని 2024 లాన్సెట్ కమిషన్ చెప్పింది. వీటిలో మన పల్లెల్లో అందరూ వదిలేసేది చెవుడు. ముసలాయనకు వినపడదులే అని ఊరుకుంటారు. ఒక చిన్న మాట: తెలుగుతో పాటు ఉర్దూనో, మక్తల్, నారాయణపేట వైపు కన్నడమో మాట్లాడే అలవాటుంటే పోనివ్వొద్దు. నిమ్స్‌లో 648 మంది రోగులను చూసి 2013లో ప్రచురించిన అధ్యయనంలో రెండు భాషలు వచ్చినవాళ్లకు మతిమరుపు జబ్బు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైంది, బడికి పోనివాళ్లలో కూడా.

అప్పటికే తొవ్వ తప్పుతున్న మనిషి ఇంట్లో ఉంటే సాధన కంటే కాపలా ముఖ్యం. ఫోన్ నంబరు చొక్కా లోజేబు లోపల కుట్టండి, కాగితం ముక్క ఉతికితే పోతుంది. గల్లీ మొదట్లో కిరాణం షాపాయనకు, ఆటో అడ్డా వాళ్లకు సంగతి చెప్పి పెట్టండి. చెరువుగట్టుకో కురుమూర్తి జాతరకో తీసుకుపోతే దిగగానే కలుసుకునే చోటు ఒకటి చూపించండి, కానీ అది జనం మోసే రథమో, మారిపోయే గాజుల దుకాణమో కాకూడదు. గుట్టనో కోనేరునో చూపించండి. ఆ రోజు వేసుకున్న బట్టలతో బయల్దేరే ముందే ఒక ఫోటో తీసి పెట్టుకోండి. కనిపించకపోతే సాయంత్రం దాకా వెతుక్కోకుండా వెంటనే 100కో 112కో ఫోన్ చేసి, ఆ ఫోటో పంపండి. వెతికేటప్పుడు కొడుకు ఇంటి చుట్టుపక్కలతో పాటు ఆయన పుట్టి పెరిగిన పాత ఇంటి వైపు, పాత బాయి వైపు కూడా ఒకరిని పంపండి.